ముందు చెవి, నోరు. ఆ తర్వాతే బోర్డు

ప్రశ్న: ఆరు, ఏడు తరగతుల పిల్లలకు ఫ్రెంచ్ చెబుతున్నాను. క్లాసుకి 40 మంది. మొదటి పది నిమిషాలు బాగానే వింటారు, క్రియారూపాలు బోర్డు మీద రాయడం మొదలుపెట్టగానే గుసగుసలు. గట్టిగా అరిస్తే కాసేపు నిశ్శబ్దం, మళ్లీ మామూలే. సాయంత్రానికి గొంతు పోతోంది. నాకే చెప్పడం రాదేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీకు చెప్పడం రాక కాదండీ. మీరు బోర్డు వైపు తిరిగిన ఆ ఐదు నిమిషాలూ 40 మందికి చేయడానికి పని లేదు. ఒకరిని లేపి ప్రశ్న అడిగినా అంతే, ఆ ఒక్కరు తడబడుతుంటే మిగతా 39 మంది ఖాళీగా కూర్చుంటారు, పిల్లలు ఖాళీగా ఉంటే మాట్లాడుకోక ఏం చేస్తారు?

పైగా ఫ్రెంచ్‌లో రాత ముందు పెడితే పిల్లలు బెదిరిపోతారు. మాట్లాడటం అనే అర్థమున్న 'పార్లే' క్రియనే తీసుకోండి. నేను, నువ్వు, అతను, వాళ్లు, ఈ నలుగురికీ నోటితో పలికేది ఒక్కటే, 'పార్ల్'. రాసేటప్పుడు మాత్రం 'నువ్వు'కి చివర ఎస్, 'వాళ్లు'కి ఈఎన్‌టీ వచ్చి చేరతాయి, అవి పలకవు. చెవితో నేర్చుకుంటే ఒక్క మాటకే నాలుగు పనులు అయిపోతాయి, అదే పట్టిక వేసి చూపిస్తే కష్టమైన లెక్కలా కనిపిస్తుంది. అందుకే వారం రోజులు ఆ క్రియతో మాట్లాడించండి, పట్టిక ఆ తర్వాత వాళ్లచేతే వేయించండి.

ఉచ్చారణకైతే జంటలుగా ఎదురెదురుగా కూర్చోబెట్టండి. 'ఈ' అంటూ, నాలుక కదపకుండా పెదవులు మాత్రం 'ఊ'కి చుట్టినట్టు చుట్టమనండి, ఫ్రెంచ్ 'యు' అక్షరం పలికే తీరు అదే. పక్కవాడి పెదవులు సరిగా ఉన్నాయో లేదో చూడటం రెండోవాడి పని. గోల ఉంటుంది, ఉండనివ్వండి, అది పాఠం గోలే.

అంకెలు ఇంకా బాగా పనికొస్తాయి. 70 అంటే అరవై-పది, 80 అంటే నాలుగు ఇరవైలు, 90 అంటే నాలుగు ఇరవైల పది. 69 నుంచి 99 దాకా వరసగా ఒక్కొక్కరూ అందుకోవాలి, తన వంతు ఎప్పుడొస్తుందో లెక్క చూసుకోవాలి కాబట్టి ఎవరూ పక్క చూపులు చూడరు. బెల్జియం, స్విట్జర్లాండ్‌లో 70, 90లకు ఇంత తిప్పలు లేకుండా విడి మాటలున్నాయని కూడా చెప్పండి, పిల్లలకు అలాంటివి భలే గుర్తుంటాయి.

నిశ్శబ్దం కావాలంటే అరవద్దు. మీరు ఒకటి, రెండు అని ఫ్రెంచ్‌లో నెమ్మదిగా అంటే, వాళ్లంతా కలిసి మూడు అని ఆగిపోవాలి. మొదట్లో కొన్ని రోజులు కుదరదు, ఓపిక పట్టండి.

ప్రశ్న: బల్ల ఆడదీ పుస్తకం మగదీ ఎందుకయ్యాయని పిల్లలు అడుగుతున్నారు. ఏం చెప్పను?

జవాబు: వస్తువులో ఆడ, మగ ఏమీ లేదని, అది మాటకున్న లింగమేనని చెప్పేయండి. బల్ల అని విడిగా కాకుండా 'లా తాబ్ల్' అని, స్త్రీలింగాన్ని చూపే ముందు మాటతో కలిపే నేర్పండి. 'సియోఁ' అని ముగిసేవి, అంటే టీఐఓఎన్ మాటలు, దాదాపు అన్నీ స్త్రీలింగమే. ఏజీఈతో ముగిసేవి చాలావరకు పుంలింగం, కానీ పేజీ, బొమ్మ, సముద్రతీరం అనే మాటలు కావు. ఇలా తప్పించుకునే మాటలు ఇంకేమున్నాయో వెతికి తెమ్మనండి, పోటీపడి తెస్తారు.