పిల్లల్ని ఇంట్లో వదిలి ఓడెక్కబోయే అమ్మణ్ణికి

భవానీ నగర్,
తిరుపతి.

చిరంజీవి అమ్మణ్ణికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక మీ పెదనాన్న "ఏమంటుంది చిత్తూరు పాప?" అని అడిగారు. పదో పెళ్లిరోజుకు చెన్నైలో ఓడెక్కాలని ఉందంట, పిల్లల్ని అత్త దగ్గర వదిలి పోవడానికి కాళ్లు రావడం లేదంట అని చెప్పాను. ఆయన నవ్వి, "చింతగింజల సంగతి చెప్పు" అన్నారు. ఫోన్లో చెబుదామంటే సగంలోనే చిన్నది లాక్కుంటుంది. అందుకే కూర్చుని రాస్తున్నా.

1997 మార్చిలో, అంటే మద్రాసు పేరు చెన్నై అయిన మరుసటి ఏడు, మేమిద్దరం ఆఫీసువాళ్లు ప్రయాణ ఖర్చు ఇచ్చే ఎల్టీసీ మీద అండమాన్ పోయాం. ఇప్పటి మాదిరి క్రూజు కాదు, మామూలు ప్రయాణికుల ఓడ. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు దగ్గర దగ్గర 1,200 కిలోమీటర్లు, మూడు రోజుల ప్రయాణం. మొత్తం పన్నెండు రోజులు. మీ అన్నకు ఎనిమిదేళ్లు, మీ అక్కకు ఐదు. ఇద్దర్నీ పుత్తూరులో మీ అవ్వ దగ్గర వదిలాం. కాలు విరగ్గొట్టుకున్నా కట్టు కట్టేవాళ్లు ఆ ఊళ్లోనే ఉన్నారులే అని మీ పెదనాన్న హాస్యమాడితే నాకు ఏడుపొచ్చింది.

మీ అవ్వ ఒక గిన్నెలో పన్నెండు చింతగింజలు వేసి, రోజుకొకటి తీసెయ్యండి, అయిపోయిన రోజు అమ్మ వస్తుంది అని చెప్పింది. బాగానే ఉంది కదా! మీ అన్న వాటితో ఆడుకుని మూడు పోగొట్టాడు. గింజలు తొమ్మిదో రోజుకే ఖాళీ. మీ అక్క ఆ సాయంత్రం గౌను మార్చుకుని, పౌడర్ పూయించుకుని, అరుగు మీద కూర్చుందంట, చీకటి పడినా లేవలేదంట. తిరిగొచ్చాక ఈ మాట విని నేను రెండు రోజులు అన్నం తినలేదు. కాబట్టి లెక్క పెట్టడానికి ఆడుకునే వస్తువు ఇవ్వకు. క్యాలెండర్ మీద మీ అత్త చేత రోజుకొక గీత కొట్టించు. చెప్పకుండా మాత్రం పోవద్దు. నిద్రపోతున్నప్పుడు జారుకుంటే ఆ రోజుకు నీకు సులువే, ఆ తర్వాత నెల రోజులు చిన్నది నీ కొంగు వదలదు.

సెలవుల్లో పోదామనుకుంటున్నావు. నేనైతే బడి ఉన్న రోజుల్లోనే పొమ్మంటాను. సెలవుల్లో పొద్దున్నించి రాత్రిదాకా ఇద్దర్నీ పట్టుకోవడం అరవై దాటిన మనిషికి ఎంత కష్టమో నాకు ఇప్పుడు తెలుస్తోంది. బడి ఉంటే పగలంతా అక్కడే గడిచిపోతుంది. ముంబై వైపు వానలు పట్టే నెలల్లో అక్కడి ఓడను చెన్నైకి తిప్పుతుంటారు, 2022 జూన్ నుంచి ఇలా నడుస్తోంది. అది మనకు బడి తెరిచే కాలమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల రోజులు, ఆ మూడు నెలలూ నేను లెక్కలోకే తీసుకోను.

మీ అత్తకు విషయం నువ్వు చెప్పకు, మీ ఆయన్ని చెప్పమను. కొడుకు చెబితే అది పెళ్లిరోజు, కోడలు చెబితే అది షికారు. ఆమె సరే అన్నాక ఒక తెల్ల కాగితం మీద నీ చేత్తో రాసిపెట్టు: పిల్లల డాక్టరు నంబరు, జ్వరం మందు ఎవరికి ఎన్ని ఎమ్మెల్, బడి ఆటో అతని నంబరు, చిన్నదానికి ఏది పడదో. పిల్లల ఆధార్ జిరాక్సులు, కాస్త డబ్బు అదే కవర్లో ఉంచు. ఇంకొక మాట గట్టిగా చెప్పు: ఏదైనా అయితే మా ఫోన్ కోసం ఎదురుచూడొద్దు, మీకు తోచినట్టు ఆసుపత్రికి తీసుకెళ్లండి, తర్వాత మేమేమీ అనం అని. చాలామంది పెద్దవాళ్లు ఆగిపోయేది ఆ చివరి మాటకే భయపడి.

ఎందుకంటే ఫోన్ కలవదు. తీరం దాటిన కాసేపటికి మన సిగ్నల్ పోతుంది. ఆ పైన ఫోన్ ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్‌ను పట్టుకుంటే బిల్లు చూసి గుండె ఆగుతుంది. ఎక్కగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. వైఫై కావాలంటే ఓడవాళ్ల దగ్గర డబ్బు కట్టి తీసుకుని, రోజుకొకసారి, పిల్లలు అన్నం తినే వేళకు మాట్లాడండి. పడుకునే ముందు వద్దు, గొంతు వింటే ఏడుపు మొదలవుతుంది.

ఇక ఓడ సంగతి. రెండు మూడు రాత్రులు సముద్రంలో తిరిగి మళ్లీ చెన్నైకే వచ్చేదైతే ఆధార్ లాంటి గుర్తింపు కార్డు సరిపోతుంది. శ్రీలంక పోయేదైతే పాస్‌పోర్ట్ ఉండాలి. మీ ఇద్దరివీ ఇంకా ఎన్నాళ్లు చెల్లుతాయో ఇవాళే చూడు, ఆరు నెలల గడువు లేకపోతే తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో రెన్యువల్‌కు స్లాటు పెట్టుకోండి. ఆ రోజు మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం.

గది విషయంలో మీ ఆయన బాల్కనీ, పై అంతస్తు అంటాడు. ఫోటోలకు బాగుంటుంది. కానీ నీకు కారులో తలకోన పోతేనే కడుపులో తిప్పుతుంది కదా. ఓడ నడుమ భాగంలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. ఊయలకు చివర ఎక్కువ ఊగుతుంది, తాడు కట్టిన చోట ఊగదు, అంతే లెక్క. చెవి ఊగుతున్నామంటుంది, కన్ను లేదంటుంది, ఆ తగువే వాంతి. అందుకే గదిలో ముడుచుకుని పడుకోకుండా పైకి వచ్చి దూరంగా ఆకాశం నీళ్లను తాకే గీత చూడాలి. ఖాళీ కడుపుతో ఉండకు. డాక్టర్ని అడిగి మాత్ర తీసుకుని, ఓడ కదలకముందే వేసుకో, మొదలయ్యాక వేసుకుంటే కడుపులో నిలవదు. నేనైతే అల్లం మురబ్బా నోట్లో పెట్టుకునే మూడు రోజులూ గడిపాను.

రెండేళ్ల కిందట మేము క్రూజు పోయినప్పుడు తెలివిగా కరెంటు కెటిల్ సర్దుకున్నాను. స్కానింగ్‌లో పట్టుకుని చీటీ రాసి పక్కన పెట్టారు, దిగేటప్పుడు ఇచ్చారు. వేడెక్కే వస్తువు ఏదీ గదిలోకి రానివ్వరు, ఇస్త్రీ పెట్టె కూడా. మంటంటే ఓడలో అంత భయం. పెట్టెలు గదికి చేరేసరికి కొన్ని గంటలు పట్టొచ్చు. ఒక జత బట్టలు, మందులు చేతిసంచిలోనే ఉంచుకో. టికెట్ ధర మీద పోర్టు ఛార్జీలు, పన్ను, సర్వీసు ఛార్జీ విడిగా ఉంటాయి. అన్నీ కలిపి ఎంతో రాతలో అడగండి.

ప్రమాదం వస్తే ఎక్కడ నిలబడాలో ఎక్కిన రోజే చూపిస్తారు, దాన్ని ఎగ్గొట్టి బఫేకి పోవద్దు. 2012 జనవరిలో ఇటలీ దగ్గర కోస్టా కాంకార్డియా అనే క్రూజు ఓడ ఒరిగిపోయి 32 మంది పోయారు. అంతకు కొన్ని గంటల ముందు ఎక్కిన వాళ్లకు అప్పటికి ఇంకా ఈ తర్ఫీదు జరగనే లేదు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినబడితే ప్రమాదమని, గుర్తుపెట్టుకో.

చిత్తూరు నుంచి చెన్నై మూడు నాలుగు గంటలే కదా అని పొద్దున బయల్దేరకండి. శ్రీపెరంబుదూరు దాటాక ట్రాఫిక్ మన చేతిలో ఉండదు, ఓడ బయల్దేరే టైముకు చాలా ముందే గేటు మూసేస్తారు. ముందురోజే పోయి పడుకోండి.

అక్కడికెళ్లి పిల్లల మాటలు తప్ప మాట్లాడుకోవడానికి ఏముంటుంది అన్నావు. మొదటి రోజు మాకూ అంతే. రెండో రోజు రాత్రి డెక్కు మీద నిలబడ్డాం. చుట్టూ చీకటి, ఇంజను చప్పుడు. మీ పెదనాన్న ఉన్నట్టుండి, "చీటీలో పద్దెనిమిది వేలు పోయాయి, నీకు చెప్పలేదు" అన్నారు. ఏడాది దాచారు ఆ మాట! ఇంట్లో అయితే అది నోటిదాకా వచ్చేలోపు ఎవరో ఒకరు తలుపు కొడతారు. నాకు ఒళ్లు మండింది. పుట్టింటికి పోదామంటే చుట్టూ బంగాళాఖాతం. పొద్దున టిఫినుకు వెళ్లినా మాట్లాడలేదు. మధ్యాహ్నానికి ఆయనే రెండు టీలు తెచ్చి పక్కన కూర్చున్నారు. ఆ నష్టం ఎలా పూడ్చుకోవాలో టిఫిను బిల్లు వెనక ఇద్దరం లెక్క వేసుకున్నాం. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది.

అందుకే పగలంతా ఆటలు, షోలు అని టైంటేబుల్ వేసుకోకండి. ఒక పూట ఏమీ పెట్టుకోకుండా వదిలేయండి.

మీరు పోయిన రెండో రోజు నేను చిత్తూరు వస్తాను. మీ అత్తకు నడుం నొప్పి అన్నావు కదా, సాయంత్రాలు పిల్లల్ని నేను చూసుకుంటా. తేదీ ఖాయం కాగానే చెప్పు, బస్సుకు టికెట్ చేయించుకోవాలి.

ఇట్లు,
మీ పెద్దమ్మ

మీ పెదనాన్న ఆ చీటీ సంగతి రాయొద్దన్నారు. రాసేశాక చెప్పారు.