నేపాల్ నుంచి తిరిగొచ్చి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ, వందనాలు.

మీ చర్చి టీమ్‌తో నేపాల్‌కి వెళ్ళొచ్చిన మిషన్ ట్రిప్ (సువార్త యాత్ర) మీద నువ్వు రాసి పంపిన వ్యాసం మొత్తం చదివాను, కొన్ని పేజీలు రెండోసారి కూడా. "అక్కా, మొహమాటం లేకుండా చెప్పండి" అన్నావు కాబట్టి చెబుతున్నాను. భాష బాగుంది, వాక్యం ఎక్కడా తడబడలేదు, నీ వయసుకి అది చిన్న విషయం కాదు. ఇబ్బంది ఎక్కడంటే, చదువుతున్నంతసేపూ నాకు చర్చిలో మైకు ముందు నిలబడ్డ నువ్వే కనిపించావు తప్ప నేపాల్ కనిపించలేదు. "దేవుడు మా టీమ్‌ని బలంగా వాడుకున్నాడు", "అనేక ఆత్మలు తాకబడ్డాయి", "మాటల్లో చెప్పలేని అనుభవం" లాంటివి మనం పుట్టినప్పటి నుంచి వింటూ పెరిగిన మాటలు, నోరు తెరిస్తే వాటంతటవే వచ్చేస్తాయి. చర్చిలో నిలబడి అనుభవం చెప్పే సాక్ష్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. అక్కడ కూర్చుని వినేవాళ్ళు నీ టికెట్టుకు కానుక ఇచ్చినవాళ్ళు, నువ్వు వెళ్ళినన్ని రోజులూ మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళు, నీ ముఖం చూస్తేనే వాళ్ళకు సగం అర్థమైపోతుంది. చదివేవాడికి నీ ముఖం కనబడదు కదా. మాటల్లో చెప్పలేనిదైతే మరి రాయడం దేనికయ్యా అని పేజీ మూసేస్తాడు.

ఒక చిన్న సంగతి చూడు. మూడో పేజీలో "ఆదివారం ఉదయం ఆరాధనకు వెళ్ళాం" అని రాశావు. నేపాల్లో సంఘాలు మామూలుగా కూడుకునేది శనివారం, ఎంతోకాలంగా అక్కడ వారపు సెలవు శనివారం కాబట్టి. నువ్వు పంపిన ఫోటోల మీద తేదీ చూశాను, అదీ శనివారమే. అంటే కళ్ళు చూసింది ఒకటి, ఇంటికొచ్చాక చెయ్యి అలవాటు కొద్దీ రాసింది ఇంకొకటి. శనివారం చర్చికి పోవడం మన సికింద్రాబాద్ కుర్రాడికి ఎంత వింతగా ఉంటుందో, మర్నాడు ఆదివారం పొద్దున ఊరంతా పనుల్లోకి, పిల్లలు బడికి పోతుంటే ఏం చేయాలో తోచక కూర్చున్న మీ టీమ్‌కి ఎలా అనిపించిందో, అది కదా రాయాల్సింది. అక్కడి గడియారం మనకన్నా పదిహేను నిమిషాలు ముందుంటుంది, ఆ పదిహేను నిమిషాలతో మీకు ఒక్క గొడవైనా వచ్చే ఉంటుంది, అది కూడా.

ఇంకొకటి నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. నీ రాతలో నువ్వు బైబిల్ వాక్యం చెబుతావు, జనం కళ్ళు తుడుచుకుంటారు. మధ్యలో నిలబడి నీ హిందీని వాళ్ళకు నేపాలీలో చెప్పినాయన ఏమైపోయాడు? ఫోటోలో నీ పక్కనే ఉన్నాడు, ఒక చేతిలో బైబిల్, ఇంకో చేత్తో ఎవరి పిల్లాడినో పట్టుకుని. నీ హైదరాబాదీ హిందీ విని ఆయన ఎన్నిసార్లు నీ వైపు తిరిగి మళ్ళీ చెప్పమన్నాడు? నువ్వు వేసిన జోకు చెప్పాడా, వదిలేశాడా? జనం ఏడ్చింది బహుశా ఆయన మాటకేమో! మీరు బస్సెక్కి వచ్చేశాక ఆ ఊళ్ళో మిగిలేది ఆయనే, అర్ధరాత్రి ఎవరికైనా జ్వరమొస్తే తలుపు తట్టేది ఆయన ఇల్లే. మిషన్ ట్రిప్ రాతల్లో ముందుగా మాయమయ్యేది ఎప్పుడూ ఆ మనిషే. ఆయన్ని వెనక్కి తీసుకురా, నీ కథ సగం అక్కడే బాగుపడుతుంది.

ఇప్పుడు అసలు మాట. రాసేటప్పుడు నిన్ను నువ్వు ఎటువైపు నిలబెట్టుకున్నావో గమనించావా? మిషనరీలను పంపేవాళ్ళ వైపు. మనం అటువైపు వచ్చి ఎంతో కాలం కాలేదు. మా నాయనమ్మ తరఫు వాళ్ళది ఒంగోలు దగ్గర పల్లె. 1876-78 కరువులో అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి దొరికేలా చూశాడు. కూటి కోసమే చేరుతున్నారనే మాట రాకూడదని ఆ సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె అమెరికా దాకా పోయింది, మా చుట్టాల్లో పెద్దవాళ్ళకు ఇప్పటికీ నోటికొచ్చు. ఆ రోజు నీళ్ళలోకి దిగినవాళ్ళలో మా ముత్తవ్వ ఒకతె అని ఇంట్లో చెప్పుకుంటారు, కానీ ఆమె పేరేమిటో, ఎందుకు దిగిందో, దిగేముందు మొగుడితో ఏమన్నదో చెప్పమంటే ఒక్కరూ చెప్పలేరు. పాపం క్లౌ దొర లెక్క సరిగ్గానే రాశాడు. నాకు కావలసింది లెక్కలో దొరకదు, అంతే.

ఇది మనసులో పెట్టుకుని నీ చివరి పేజీలో "ఐదు రోజుల్లో 140 మందికి సువార్త అందించాం" అన్న వాక్యం ఒకసారి చదువుకో. ఆ 140 మందిలో ఎవరితోనైనా కూర్చుని టీ తాగావా? తాగి ఉంటే ఆ ఒక్కరి గురించి నాలుగు పేజీలు రాయి, అంకె తీసెయ్. ఇక "వాళ్ళ దగ్గర ఏమీ లేదు, అయినా వాళ్ళ ముఖాల్లో ఎంత సంతోషమో" అన్న వాక్యం చదివితే నాకు ఒళ్ళు మండింది, దాచుకోను. ఇంటికొచ్చిన అతిథి ముందు ఎవరైనా నవ్వుతారు. మీకోసం కోడిని కోశారని నువ్వే రాశావు, ఆ కోడి లేకపోవడం వల్ల ఆ ఇంట్లో తర్వాతి వారం ఏం తగ్గిందో నీకు తెలుసా? ఇదే మాట ఎవరో ఒకాయన మీ అమ్మమ్మ పూరిగుడిసె ముందు నిలబడి రాసి ఉంటే నీకెలా ఉండేది?

డోర్నకల్ తొలి బిషప్ అజరయ్య గారి గురించి విని ఉంటావు. తిరునల్వేలి నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, ఇక్కడే ఉండిపోయిన మనిషి. బిషప్ కాకముందు, 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభలో నిలబడి, మీరు మా బీదల కోసం ఆస్తి ఇచ్చారు, ఒళ్ళు ధారపోశారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అని తెల్లదొరల ముఖం మీదే అడిగాడు. ఆ సభలో చాలామందికి నచ్చలేదు. నీ రాతని నేపాల్లో ఆ అనువాదకుడు చదివితే, ఇందులో నా స్నేహితుడు కనిపిస్తున్నాడు అనుకుంటాడా, లేక ఫోటో తీసుకుని పోయిన టూరిస్టు కనిపిస్తాడా? ఎలాగూ చదవడులే అనుకోకు. ఈ రోజుల్లో ఫోనులో అన్నీ అనువాదమైపోతున్నాయి.

చదవడం అంటే ఇంకో సంగతి, ఇది క్రాఫ్ట్ కన్నా ముఖ్యం. నువ్వు ఆ ఊరి పేరు, అక్కడి పాస్టర్ గారి పేరు, ఆయన ఇల్లు ఏ వంతెన పక్కన ఉందో కూడా రాశావు. వెంటనే తీసెయ్, ఫోటోలు కూడా. నేపాల్ 2015 రాజ్యాంగంలోని 26వ అధికరణం మత స్వేచ్ఛ ఇస్తూనే మతం మార్పించడాన్ని నిషేధిస్తుంది. 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతిలో 158వ సెక్షన్ కింద అయిదేళ్ళ దాకా జైలు, 50,000 నేపాలీ రూపాయల దాకా జరిమానా. విదేశీయుడైతే శిక్ష అయ్యాక దేశం నుంచి పంపించేస్తారు. నువ్వు వీసా కూడా అక్కర్లేకుండా వెళ్ళి వచ్చేశావు, నీ వ్యాసానికి లైకులు వస్తాయి, అక్కడ పోలీసులు తలుపు తట్టేది ఆయనకి. పేరు మార్చడం ఒక్కటే సరిపోదు, ఊరూ వృత్తీ కుటుంబమూ కలిపి చూస్తే తెలిసినవాడు ఇట్టే పట్టేస్తాడు. మార్చిన డ్రాఫ్టు ఆయనకే పంపి, ఇది అచ్చు వేయవచ్చా అని అడుగు. వద్దంటే వద్దు. మన దేశంలోనూ కొన్ని రాష్ట్రాల్లో ఇలాంటి చట్టాలున్నాయి కాబట్టి నేపాల్‌ని విలన్‌ని చేసి రాయడం కూడా సరికాదు. బయటివాళ్ళు వచ్చి మనుషుల్ని మారుస్తారన్న భయం వాళ్ళకెందుకుందో కాస్త చదువు, ఒప్పుకోకపోయినా చదువు.

నీ రాత శంషాబాద్ ఎయిర్‌పోర్టులో పూలదండతో ముగిసిపోయింది. కానీ ఫోన్లో నువ్వు నాకు చెప్పింది వేరే. వచ్చిన మర్నాడే హైటెక్ సిటీలో డ్యూటీ, "ట్రిప్ ఎలా జరిగింది" అని అడిగి జవాబు వినకుండానే లిఫ్ట్ ఎక్కేసిన కొలీగు, మిగిలిన అన్నం పారేసిందని అమ్మ మీద అరవడం, తర్వాత అమ్మ ఒక పూట మాట్లాడకపోవడం, రోజూ వంద మెసేజ్‌లు వచ్చే టీమ్ వాట్సాప్ గ్రూపు రెండు వారాలకే మూగబోవడం, ప్రార్థనకు కూర్చుంటే ఏమీ రాకపోవడం. అవన్నీ చెప్పి, "ఇవి రాస్తే విశ్వాసం తగ్గిందనుకుంటారేమో అక్కా" అన్నావు. అనుకోనీ. వారం రోజులు నిద్ర లేకుండా పరిగెత్తిన ఒళ్ళు అది, నీళ్ళు పడక కడుపు కూడా చెడింది, బైబిల్లో కొండ దిగి వచ్చిన ఏలీయా ప్రవక్త అంతటివాడే బదరీ చెట్టు కింద పడుకుని చావు కోరుకున్నాడు, దేవుడు ఆయనకి ముందు రొట్టె పెట్టి నిద్రపోనిచ్చాడు, ఉపదేశం తర్వాత. కాబట్టి నువ్వు కూడా ముందు తిని పడుకో. అయితే అమ్మ మీద అరిచిన ఆ పూట మాత్రం కాగితం మీద పెట్టు. నాకు తెలిసి నీ మొత్తం ప్రయాణంలో జరిగిన అసలైన సంఘటన అదే, ఎందుకంటే అక్కడ చూసిన పేదరికానికి ఇక్కడ బిల్లు కట్టింది ఆమె. అమ్మని అడిగి రాయి, ఆమె వైపు నుంచి కూడా రాయి. పాపం నీ టికెట్టు కోసం ఆమె చీటీ డబ్బు తీసిందని కూడా నువ్వే చెప్పావు, డ్రాఫ్టులో ఆ ఊసే లేదు. డబ్బు గురించి రాయడానికి మనవాళ్ళకు ఎందుకింత సిగ్గో!

"ఊళ్ళో కుర్రాళ్ళు పెద్దగా కనిపించలేదు" అని ఒకచోట అని దాటేశావు. ఎక్కడికి పోయారు? ఖతర్, దుబాయ్, మలేషియా. ఇది జగిత్యాల, సిరిసిల్ల మనుషులకు విడమరిచి చెప్పక్కర్లేదు, వాళ్ళ ఇళ్ళలోనూ అవే ఫోన్ కాల్స్, అప్పుడప్పుడూ అవే శవపెట్టెలు వస్తాయి. ఆ నేపాల్ కుర్రాళ్ళలో కొందరు హైదరాబాద్‌కే వచ్చారు. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది ఏ జిల్లా అని ఎప్పుడైనా అడిగావా? అడిగితే దాన్ని నీతికథ చేయకు, "అప్పుడు నాకు కనువిప్పు కలిగింది" లాంటి వాక్యం రాస్తే చింపేస్తాను. అతను నీకు దగ్గరవ్వకపోవచ్చు, నీ ప్రశ్నలకు విసుక్కోవచ్చు కూడా, గేటు దగ్గర అతనికి పని ఉంటుంది. విసుక్కుంటే అదే రాయి.

ఇంత చెప్పి, తొందరపడకు అని కూడా చెబుతాను. 1998లో మిచ్ తుఫాను హోండురాస్‌ని ముంచేశాక, ఇళ్ళు కట్టడానికి ఉత్తర అమెరికా నుంచి వెళ్ళొచ్చిన టీముల మీద కర్ట్ వెర్ బీక్ అనే సమాజ శాస్త్రవేత్త ఒక అధ్యయనం చేశాడు. ఈ ట్రిప్పు మా జీవితాన్ని మార్చింది, కానుకలు కూడా ఎక్కువిస్తున్నాం అని చాలామంది చెప్పారు. పంపిన సంస్థ ఖాతాలు తీసి చూస్తే ఆ పెరుగుదల అంతగా కనబడలేదు. వాళ్ళు అబద్ధం చెప్పారని నేననుకోను, చెప్పినప్పుడు నమ్మే చెప్పి ఉంటారు. అందుకే "ఈ ప్రయాణం నన్ను పూర్తిగా మార్చేసింది" అన్న నీ మొదటి వాక్యం కొట్టేశాను. మారావో లేదో వచ్చే క్రిస్మస్‌కి చూద్దాం. అప్పటిదాకా నీ దగ్గరున్న వాటినే తేదీలతో, వరుస లేకుండా, అందం చూడకుండా నోట్సులో పెట్టుకో: ఎవరేం అన్నారు, ఏం వాసన, ఎక్కడ సిగ్గుపడ్డావు, ఎక్కడ బోర్ కొట్టింది. ముఖ్యంగా వచ్చేటప్పుడు అక్కడివాళ్ళకు ఏమేం మాటిచ్చావో రాసిపెట్టుకో. ఆ పాపకి ఫోటో ప్రింటు పంపుతానన్నావట, పంపావా? పంపాక రాస్తే ఆ పేరా ఒకలా ఉంటుంది, పంపకుండా రాస్తే ఇంకోలా.

ఇక్కడి మీ పాస్టర్ గారికి ముందు చూపించాలా అని అడిగావు. ఆయనకి కావలసిన రిపోర్టు వేరు, ఖర్చులు, చేసిన పనులు, ప్రార్థన అంశాలు ఒక పేజీలో రాసి ఈ ఆదివారమే ఇచ్చెయ్, పంపినవాళ్ళకు అది నీ బాకీ. ఈ వ్యాసం మాత్రం అందులో కలపకు. పేర్లూ ఊర్లూ తీసేశాక, ఎవరికైనా ఇబ్బంది కలిగేది ఇంకేమైనా మిగిలిందేమో చూడమని ఆయనకి ఇవ్వొచ్చు, ఆయన అక్కడికి నీకన్నా ముందు నుంచీ వెళుతున్న మనిషి. "కొంచెం ఆశీర్వాదకరంగా ముగించు బాబూ" అంటే మాత్రం నవ్వి ఊరుకో.

వచ్చే నెల మొదటి శనివారం సాయంత్రం నేను తార్నాక ఇంట్లోనే ఉంటాను. అమ్మ గురించి రాసిన పేజీలూ, అనువాదకుడి గురించి రాసినవీ తీసుకుని రా, మిగతావి ఇప్పుడే అక్కర్లేదు. ప్రింట్ తీసి తీసుకురా, ఫోన్లో చదివితే నాకు కళ్ళు లాగుతున్నాయి.

మీ అక్క