మొదటి ప్రతి దిద్దకుండా పంపు

చిరంజీవికి,

ఆశీస్సులు. పిల్లల స్వచ్ఛంద సంస్థలో చేసిన పీఆర్ (ప్రజాసంబంధాల) ఇంటర్న్‌షిప్ గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. "ఈ మూడు నెలల్లో ఎన్నో నేర్చుకున్నాను" అన్న మొదటి వాక్యం కొట్టెయ్. బ్యాంకులో పనిచేసినవాళ్లూ అదే రాస్తారు, గోడౌన్‌లో పనిచేసినవాళ్లూ అదే రాస్తారు. రెండో పేరాలో "ప్రెస్‌నోట్ నాలుగుసార్లు తిరగరాశాను" అని ఒక్క ముక్కలో దాటేశావు చూడు, నీ వ్యాసం అక్కడుంది.

ఆ నాలుగు ప్రతులూ నీ మెయిల్‌లో ఉండే ఉంటాయి. మొదటిదీ చివరిదీ తీసి పక్కపక్కన పెట్టుకో. జ్ఞాపకం మీద రాస్తే మనకు తెలియకుండానే మనం తెలివైనవాళ్లమైపోతాం. పాత ప్రతి ఆ పప్పులు ఉడకనివ్వదు. కొత్తవాళ్ల మొదటి ప్రతి చాలావరకు ఇలా ఉంటుంది: "తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఎనిమిదేళ్ల చిన్నారి కన్నీళ్లు తుడిచిన మా సంస్థ..." దిద్దుబాట్లన్నీ అయ్యాక ఇలా తేలుతుంది: "బడి మానేసిన పిల్లలకు సోమవారం నుంచి సాయంత్రం తరగతులు. 40 మందికి చోటుంది." మొదటి వాక్యంలో కర్త సంస్థ, ఆ పిల్ల ఏడవడం తప్ప ఏమీ చెయ్యలేదు. పైగా అందులో వార్తే లేదు. ఎప్పుడు, ఎవరికి, ఏమిటి అన్నది మొదటి రెండు వాక్యాల్లో దొరక్కపోతే సబ్ ఎడిటర్ మూడో వాక్యం దాకా రాడు. ఎర్ర గీత ఏ మాట మీద పడింది, అప్పుడు నీకు ఎందుకు కోపం వచ్చింది, ఇప్పుడు చూస్తే ఏమనిపిస్తోంది? ఇవి రాయి.

నోట్ చాలా పత్రికల్లో అచ్చు కాలేదనీ, మీడియాకు పిల్లల గోడు పట్టదనీ తేల్చేశావు. అంత తొందర వద్దు. ముందు పంపిన మెయిల్ తెరిచి చూడు. ఎన్నింటికి వెళ్లింది? పేజీలు కట్టేసే వేళకు వెళ్తే ఎంత మంచి వార్తకైనా చోటుండదు. సబ్జెక్ట్ లైన్‌లో వార్త పెట్టావా, సంస్థ వార్షికోత్సవం పెట్టావా? ఫొటోలు అంత బరువుతో జతచేస్తే కొన్ని మెయిళ్లు తిరిగొచ్చేసి ఉంటాయి. అరవైమంది విలేకరుల చిరునామాలూ ఒకరివొకరికి కనబడేలా పెట్టి ఉంటే, ఎవరికీ ప్రత్యేకంగా రాయలేదని వాళ్లకు అర్థమైపోతుంది. అడుగున ఇచ్చిన ఫోన్ నంబరు ఎవరిది, ఆ రోజు వాళ్లు ఫోనెత్తారా? నోట్ ఒక పేజీ దాటిందా? మూడు నాలుగు వందల మాటలు చాలు. నిజంగా మీడియాదే తప్పనుకున్నా, ఇవన్నీ చూశాకే అనాలి.

ఇక పిల్లల ఫొటో సంగతి. నువ్వు రెండు వాక్యాలతో సరిపెట్టావు, దీనికి రెండు పేజీలు కావాలి. పేరు మార్చేస్తే గుర్తుపట్టలేరని కొత్తవాళ్ల నమ్మకం. యూనిఫాం మీద బడి బ్యాడ్జీ ఉంటుంది, వెనక బోర్డు మీద ఊరి పేరుంటుంది, క్యాప్షన్‌లో వయసూ జబ్బూ ఉంటాయి. విడివిడిగా ఏదీ ప్రమాదం కాదు, నాలుగూ కలిపితే ఇల్లు తెలిసిపోతుంది. ఫోన్‌తో తీసిన ఫొటో ఫైల్లో తీసిన చోటు కూడా నమోదై ఉండొచ్చు, పంపేముందు దాన్ని తీసెయ్యాలి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 16వ అధికరణం పిల్లల గోప్యతకు, 12వది తమ మాట చెప్పుకునే హక్కుకు సంబంధించినవి. అందుకే పెద్దవాళ్ల సంతకం ఒక్కటే చాలదు, పిల్లనీ అడగాలి. ఫొటో ఎక్కడెక్కడ కనబడుతుందో, ఎన్నాళ్లుంటుందో, వద్దంటే ఏం చేస్తారో వాళ్లకర్థమయ్యే మాటల్లో చెప్పాలి. "ఒప్పుకోకపోయినా మీకు అందే సాయం ఆగదు" అన్న మాట పైకి అనాలి. అనకపోతే సాయం పొందే కుటుంబం కాదనలేదు. అది ఒప్పుకోవడం కిందికి రాదు. నువ్వు ఫారం నింపించిన రోజు ఈ మాట అన్నావా? అనకపోతే అదే రాయి.

కన్నీళ్ల ఫొటోకు విరాళాలు ఎక్కువొస్తాయని నిధులు సేకరించేవాళ్లు వాదిస్తారు. ఆ వాదన ఉత్తదని కొట్టిపారెయ్యకు; ఆ డబ్బుతోనే తరగతులు నడుస్తాయి. నా ఓటు పిల్లలు నవ్వే ఫొటోకే. కానీ చిక్కు విడిపోయినట్టు వ్యాసంలో నటించొద్దు.

"25 క్లిప్పింగులు సాధించాం" అని, అచ్చయిన వార్తల ముక్కలు లెక్కపెట్టిన వాక్యం కూడా తీసెయ్. అంత చోటుకు ప్రకటన ఇస్తే ఎంతయ్యేదో లెక్కగట్టి దాన్నే విలువగా చూపే అలవాటు ఉంది. 2010లో బార్సిలోనాలో పీఆర్ రంగంవాళ్లు ఒప్పుకున్న సూత్రాలు ఆ లెక్కను తోసిపుచ్చాయి. వార్త చూసి తరగతుల గురించి ఎంతమంది ఫోన్ చేశారో, ఎంతమంది చేరారో అడిగి తెలుసుకో. ఒక్కరే చేరినా ఆ సంఖ్యే రాయి.

కాలేజీవాళ్లు గిబ్స్ చక్రం అడుగుతారు కదా, అంటే మన అనుభవాన్ని మనమే మెట్టుమెట్టుగా సమీక్షించుకోవడం. 1988లో వచ్చిన ఆ పద్ధతిలో ఆరు మెట్లు: ఏం జరిగింది, ఏమనిపించింది, మంచిచెడ్డలేమిటి, ఎందుకలా అయింది, ఇంకేం చేసి ఉండొచ్చు, మళ్లీ వస్తే ఏం చేస్తావు. దాన్ని దరఖాస్తు ఫారంలా ఆరు సమాన గళ్లుగా నింపకు. వెయ్యి మాటల వ్యాసమైతే జరిగింది రెండొందల్లో ముగించు. "ఎందుకలా" అన్నదానికి కనీసం నాలుగొందలివ్వు.

ఒక జాగ్రత్త. కేసు ఫైళ్లలో చదివినవి వ్యాసంలోకి రాకూడదు, పేరు మార్చి కూడా. పిల్ల వివరం లేకుండా నడవని పేరా ఉంటే ఆ పేరానే వద్దు. అచ్చుకిచ్చే ముందు సంస్థవాళ్లకు చూపించు.

తిరగరాసింది వచ్చే వారంలోగా పంపు. దానితో పాటు ప్రెస్‌నోట్ మొదటి ప్రతి కూడా కావాలి. అందులోని పిల్లల వివరాలు చెరిపెయ్, మిగతా ఒక్క అక్షరం కూడా దిద్దొద్దు.