దేవాంగపిల్లి చేతిని చూడండి

ప్రశ్న: మా తోట గట్టున ఉన్న చింతచెట్టు మీదికి రాత్రి టార్చిలైటు వేస్తే రెండు కళ్లు ఎర్రగా మెరిశాయి. తోక లేని చిన్న జంతువు, కొమ్మ పట్టుకుని మెల్లగా ఆకుల్లోకి వెళ్లిపోయింది. దేవాంగపిల్లి అన్నారు. అరిష్టం, తరిమేయమంటున్నారు ఊళ్లో. మా అమ్మాయేమో అది కోతికి బంధువని పాఠంలో చదివానంటోంది. తోకే లేనిది కోతికి బంధువెలా అవుతుంది?
– ఒక రైతు, అన్నమయ్య జిల్లా

జవాబు: మీ అమ్మాయి చెప్పిందే నిజం. దాన్ని తరమకండి, మీ చెట్టు మీదే ఉండనివ్వండి.

కోతులు, కొండముచ్చులు, దేవాంగపిల్లి, మనుషులు అందరూ ప్రైమేట్లనే వర్గంలోకే వస్తారు. ఇందులో 500కు పైగా జాతులున్నాయి. మడగాస్కర్‌లో 30 గ్రాముల లెమూర్ ఉంది, ఆఫ్రికాలో 200 కిలోల మగ గొరిల్లా ఉంది. తోక ఉండి తీరాలన్న నియమం లేదు. గొరిల్లాకు, చింపాంజీకి, గిబ్బన్‌కు తోక లేదు. మన ఊళ్లలో తిరిగే, నడినెత్తిన జుట్టు పాపిట తీసినట్టుండే కోతికి తోక ఒంటికన్నా పొడవు. ఉత్తరాది ఎర్రమూతి కోతికి ఒంట్లో సగం కూడా ఉండదు.

తోకను వదిలేసి చేతిని చూడాలి. తలకోన అడవిలో ఒకసారి దేవాంగపిల్లిని దగ్గరగా చూసే భాగ్యం దక్కింది. పావుకిలో బరువు ఉంటుందేమో. వెనక కాళ్లతో కొమ్మను బిగించి పట్టుకుని, ముందుకు వంగి, రెండు చేతులూ ఒక్కసారిగా చాచి పురుగును పట్టేసింది. బొటనవేలు మిగతా వేళ్లకు ఎదురుగా విచ్చుకుంటుంది కాబట్టే ఆ పట్టు. వేళ్లకు పిల్లికున్నట్టు గోళ్లు ముడుచుకోవు. మనకున్నట్టే పలచటి, చదునైన గోళ్లు. ఒక్క వెనక కాలి రెండో వేలికి మాత్రం కొక్కెంలాంటి గోరు ఉంటుంది, ఒళ్లు గోక్కోవడానికి. కళ్లు రెండూ ముఖం ముందు వైపే ఉంటాయి. పురుగు ఎంత దూరంలో ఉందో చీకట్లోనూ సరిగ్గా అంచనా వేయగలిగేది అందుకే.

అయితే కోతికీ దీనికీ తేడాలు లేకపోలేదు. దీని ముక్కు కొస తడిగా ఉంటుంది, కోతికి పొడిగా ఉంటుంది. కంటిలో వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది, మీకు ఎర్రగా కనిపించింది అదే. కోతులకు, మనకు ఆ పొర లేదు. అంటే మన వంశంలో ఎప్పుడో విడిపోయిన తొలి కొమ్మల్లో ఒకటి మీ చింతచెట్టు మీద ఉందన్నమాట. నాకైతే ఇది పొంగిపోవాల్సిన విషయం.

అరిష్టం మాట నమ్మకండి. ఆ మాట వల్లే, దాని కళ్లతో మందులు చేస్తామనే మంత్రగాళ్ల వల్లే ఎన్నో ప్రాణాలు పోయాయి. అది తినేది చీమలను, చెదలను, పేడపురుగుల వంటివాటిని. తోటకు చేసే చెడు ఏమీ లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది కాబట్టి పట్టుకున్నా, పెంచుకున్నా, చంపినా నేరమే. తమిళనాడు ప్రభుత్వం 2022లో కరూర్, దిండిగల్ జిల్లాల్లో 11,806 హెక్టార్లను కేవలం దేవాంగపిల్లి కోసమే అభయారణ్యంగా ప్రకటించింది.

మీరు చేయాల్సిందల్లా ఒకటే. చెట్టుకూ చెట్టుకూ ఆనుకున్న కొమ్మలు నరకకండి. అది దూకలేదు, కొమ్మ కలవకపోతే నేలకు దిగి రోడ్డు దాటాల్సి వస్తుంది. చూడాలనిపిస్తే టార్చికి ఎర్ర కాగితం చుట్టి చూడండి, దాని కళ్లకు ఇబ్బంది తక్కువ. గాయపడి కిందపడితే మాత్రం చేత్తో పట్టుకోకుండా అటవీశాఖ వారికి ఫోను చేయండి.