వన్యప్రాణి విభాగంలో శాసనసభ వ్యవహారాలు చూసే పని ఎలా ఉంటుంది?

కాకినాడలో పనిచేస్తున్న మిమ్మల్ని అటవీ శాఖ వన్యప్రాణి విభాగంలో శాసనసభ వ్యవహారాల సీటుకి మారుస్తున్నారని రాశారు. అక్కడ చేసేదేమిటి, రాజకీయాల్లో ఇరుక్కుంటానా అని అడిగారు. రిటైరయ్యే ముందు కొన్నేళ్ళు నేను ఆ పనే చేశాను. కోరంగి మడ అడవులు, కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ దీవి, భైరవపాలెం రేవు సంగతులు సభలో వస్తే ఆ కాగితాలు నా బల్ల మీద నుంచే వెళ్ళేవి. నాయకుల చుట్టూ తిరగడం అందులో చాలా తక్కువండి. ఒడ్డున జరిగింది జరిగినట్టు వెలగపూడిలోని శాసనసభ దాకా చేర్చాలి, కష్టమంతా అక్కడే.

ఒక్క ప్రశ్న సంగతి చెబుతాను, మిగతావి మీకే అర్థమవుతాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు చనిపోయి తీరానికి కొట్టుకొస్తున్న మాట వాస్తవమేనా, అయితే కారణాలేమిటి, తీసుకున్న చర్యలేమిటి అని అ, ఆ, ఇ భాగాలుగా ఒక నక్షత్ర గుర్తు ప్రశ్న, అంటే మంత్రిగారు సభలో నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్న వస్తుంది. మా ఆఫీసు భాషలో ఎల్‌ఏక్యూ (లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్). వచ్చిన రోజే డీఎఫ్‌ఓకి (అటవీ అధికారికి), అక్కణ్ణించి ఆయన కింది రేంజి ఆఫీసుకి పోతుంది. గడువు తక్కువ కాబట్టి పాత జవాబు తీసి తేదీలు మార్చేద్దామని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. ఆ ఏడాది ఇసుక మీద ఎన్ని కళేబరాలు కనిపించాయో, ఎన్ని గూళ్ళ నుంచి గుడ్లు తీసి హ్యాచరీలో (గుడ్లు పొదిగించే కంచెలో) పెట్టారో బీట్ వాళ్ళ, అంటే ఒడ్డున తిరిగే అటవీ సిబ్బంది రిజిస్టరులో ఉంటుంది. అది ఫోటో తీయించి తెప్పించుకోండి.

చర్యలేమిటి అన్న మూడో భాగమే అసలు చిక్కు. తాబేలు వన్యప్రాణి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, అంటే మన బాధ్యత. కానీ అది చచ్చిపోయేది ఎక్కువగా ట్రాల్ వలలో (మరబోటు ఈడ్చుకెళ్ళే పెద్ద వలలో) చిక్కి ఊపిరాడక. ఆ వల వేసే మరబోటు మీద అధికారం 1994 నాటి రాష్ట్ర సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద మత్స్య శాఖది. రాజ్యాంగం లెక్కలో వన్యప్రాణులు 1976 నుంచి ఉమ్మడి జాబితాలో ఉన్నాయి, చేపల వేట రాష్ట్ర జాబితాలో ఉంది. 12 నాటికల్ మైళ్ళు దాటితే వేట కేంద్రం చేతికి పోతుంది. ప్రశ్న మాత్రం మన మంత్రిగారి పేరు మీదే వస్తుంది. కాబట్టి జవాబులో సగం మత్స్య శాఖ రాయాలి. వాళ్ళ ఫైలు కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా కాకినాడలో వాళ్ళ జిల్లా ఆఫీసుకి మీరే వెళ్ళి, ఎన్ని బోట్ల మీద కేసులు పెట్టారో పక్కన కూర్చుని రాయించుకోండి. మా రోజుల్లో ఒక శాఖ ఇచ్చిన అంకె ఇంకో శాఖ అంకెతో కలవక, సభ మొదలవుతుండగా కాగితాలు మార్చాల్సి వచ్చిన సందర్భాలున్నాయి.

అనుబంధ ప్రశ్నలకి, అంటే జవాబు విన్నాక సభ్యులు అక్కడికక్కడే అడిగే వాటికి నోటు కూడా మీరే తయారుచేయాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉందిగా, ఇంకా తాబేళ్ళెందుకు చస్తున్నాయని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ నిషేధం చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని చూసి పెట్టింది. తాబేళ్ళు జనవరి నుంచే గుడ్లకి వచ్చేస్తాయి, నిషేధం మొదలయ్యేసరికి వాటి సీజను దాదాపు అయిపోతుంది. ఈ ఒక్క ముక్క మంత్రిగారి చేతిలో స్పష్టంగా ఉంటే చర్చ నిందల్లోకి పోదు. అధికారుల గ్యాలరీలో మీరు కూర్చునేది కూడా ఇందుకే. అడిగిన వివరం చీటీ మీద రెండు వాక్యాల్లో రాసి పంపగలగాలి.

ఇక అభయారణ్యం ప్రశ్నలు. కోరంగి 1978లో ప్రకటించిన అభయారణ్యం, 235.7 చదరపు కిలోమీటర్లు. కోరంగి ఊరున్న తాళ్ళరేవు మండలం ముమ్మిడివరం నియోజకవర్గంలో ఉంది, 2022లో జిల్లాలు విడదీశాక కాకినాడ జిల్లాలో మిగిలింది. నియోజకవర్గంలో మిగతా మండలాలు కోనసీమ జిల్లాలోకి వెళ్ళాయి. ఒక ఎమ్మెల్యేగారి ప్రశ్నకి ఇద్దరు కలెక్టర్ల నుంచి సమాచారం తెప్పించాలన్నమాట. మధ్యలో యానాం పుదుచ్చేరి సభ కిందిది, దాని నీళ్ళు మాత్రం మన గోదావరి గౌతమి పాయవే.

రోడ్డు కావాలనో, జెట్టీ కావాలనో, హద్దులు జరపమనో అడుగుతారు. సభలో నొక్కి అడుగుతుంటే సరే చేద్దాం అనాలని ఏ మంత్రికైనా అనిపిస్తుంది. అభయారణ్యం హద్దు మార్చాలంటే వన్యప్రాణి చట్టం సెక్షన్ 26ఎ ప్రకారం జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు ఉండాలి, రాష్ట్రం ఒక్కటే తేల్చేది కాదు. ఈ సంగతి నోటులో మొదటి వాక్యంగా పెట్టండి. సభలో నోరు జారిన మాట హామీల కమిటీ (మంత్రులు సభలో ఇచ్చిన మాటల్ని వెంటపడి చూసే సభా సంఘం) పుస్తకంలోకి ఎక్కుతుంది, నెరవేరేదాకా మీ శాఖని వదలదు. పాపం ఆ ఊరివాళ్ళు కూడా ఏళ్ళ తరబడి ఆశతో ఎదురుచూస్తారు. నాకు బాధ కలిగించేది ఇదే.

అడిగేవాళ్ళని అడవికి శత్రువులుగా చూడొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. నా మటుకు నేను ప్రతి ప్రశ్న వెనకా ఎవరున్నారో కనుక్కునేవాణ్ణి. కాలవల్లో పీతలు పట్టుకుని బతికే ఆడవాళ్ళు, చిన్న నావ మీద వేటకెళ్ళే వాళ్ళు కనిపించేవారు. "తాబేలుకి చట్టం పెట్టారు, మా వల తెగితే ఎవరిస్తారండీ?" అని ఒక పెద్దాయన భైరవపాలెం రేవులో అడిగాడు. న్యాయమైన మాట. 1996 నవంబరు తుపాను చూసినవాళ్ళు మడ అడవి విలువ మనకంటే బాగా చెబుతారు. రొయ్యల చెరువుల కోసం మడ కొట్టేసే వాళ్ళూ, పుల్లలకి వచ్చే వాళ్ళూ జవాబులో ఒకే గాటన పడకుండా చూడటం మీ చేతిలో ఉంది. బావురు పిల్లికీ, నీటికుక్కకీ సభలో మాట్లాడే నోరు లేదు. వాటి తరఫున వెళ్ళేది మీరు రాసే కాగితమే.

బడ్జెట్ సమావేశాలప్పుడు శాఖ ఖర్చుల పద్దుల మీద, వాటిని తగ్గించాలని సభ్యులు పెట్టే కోత తీర్మానాల మీద నోట్లు రాయాలి. అది వేగంగా టైపు చేసే పని, అలవాటైపోతుంది. పార్లమెంటు ప్రశ్నలకి కూడా కేంద్రం మననే సమాచారం అడుగుతుంది. ఢిల్లీకి వెళ్ళిన అంకె, వెలగపూడికి వెళ్ళిన అంకె ఒకటే ఉండాలి. దానికి ఒక రిజిస్టరు పెట్టుకోండి.

రాజకీయాల భయం గురించి. ఎమ్మెల్యేలు, వాళ్ళ పీఏలు నేరుగా ఫోను చేస్తారు, అందులో తప్పు లేదు. గెజిట్‌లో ఉన్నదీ, చట్టంలో ఉన్నదీ ఎవరికైనా ఒకేలా చెప్పండి. తర్వాత ఫలానావారు ఇది అడిగారు, ఇది చెప్పాను అని పై అధికారికి కాగితం పెట్టండి. ఫలానా ప్రశ్న వేయించమని మీరు మాత్రం ఎవరినీ అడగకూడదు. ఏ పార్టీ వాళ్ళైనా సరే.

మీరు రాసినదాన్ని బట్టి డిసెంబరులో చేరేట్టున్నారు. సమావేశాలు వచ్చేలోపు ఒకసారి కోరంగి రేంజి వాళ్ళతో పడవ మీద హోప్ ఐలాండ్ వెళ్ళి రండి. హ్యాచరీకి కంచె వేసే రోజులవి. నిరుటి రిజిస్టరు అక్కడే అడిగి చూడండి.