రెండు మూతలకూ వేర్వేరు రంగు వెయ్యి

నల్లగొండ,
ఆదివారం రాత్రి.

చిరంజీవి శేఖర్‌కు మామయ్య ఆశీస్సులు.

నిన్న అక్క ఫోను చేసి, "నీ అల్లుడు బండి బ్రేకులు విప్పి కొత్తవేవో బిగిస్తాడట, నీకు చెప్పాడా?" అని అడిగింది. చెప్పలేదు. గాలి లాగేసిన ఖాళీతో పెడల్‌కు బలం కలిపే వ్యాక్యూమ్ బూస్టర్ తీసేసి, స్టీరింగ్ పంపు ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ బూస్టర్ పెట్టాలన్న ఆలోచన దేవరకొండలో నా మెకానిక్ షెడ్డుకు వచ్చిన ఏ డ్రైవరుకూ రాలేదు. నీకు వచ్చిందంటే ఛాతీ కాస్త ఉప్పొంగింది. ఆ తర్వాత తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే ప్రతి మాటకూ "సరే మామయ్యా" అని తప్పించుకుంటావు కాబట్టి రాస్తున్నాను.

నీ ఆలోచనలో తప్పు లేదు. డీజిల్ ఇంజన్ పెట్రోలు ఇంజన్‌లా తనంతట తాను వ్యాక్యూమ్ ఇవ్వదు. అందుకే మన బండ్లకు, చాలావాటికి డైనమో వెనకాలే, ఒక చిన్న వ్యాక్యూమ్ పంపు ఉంటుంది. ఆ బూస్టర్ ఎంత పెద్దదైనా దానికి దొరికే ఒత్తిడి బయటి గాలి ఒత్తిడిని మించదు. స్టీరింగ్ పంపు ఒత్తిడి దానికి ఎన్నో పదుల రెట్లు. అమెరికాలో బ్రేకులు చేసే బెండిక్స్ కంపెనీ వాళ్లు 1970లలోనే ఈ పద్ధతి తెచ్చారు, అక్కడి డీజిల్ పికప్‌లకు అది మామూలు విషయం.

అయినా విప్పే ముందు ఒక్క పరీక్ష చెయ్యి. ఇంజన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కు. కాలు అలాగే ఉంచి ఇంజన్ స్టార్ట్ చెయ్యి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగలేదంటే పగిలిన రబ్బరు పైపో, దాని వాల్వో, పంపో చూడు. వేల రూపాయల పనిని మూరెడు పైపు తీర్చిన సందర్భాలు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్లాయి. పైగా బూస్టర్ కాలి శ్రమను తగ్గిస్తుందే తప్ప లైనింగు (చక్రాన్ని ఆపే పట్టీ) పట్టును పెంచదు. బాటసింగారం మార్కెట్టుకు బత్తాయి తోలేటప్పుడు మోయాల్సిన దానికి సగం ఎక్కువ వేసుకుని బ్రేకు ఆగలేదంటే ఏ బూస్టరూ పూచీ పడదు. (ఎంత వేస్తున్నావో అక్క చెప్పింది. దాచకు.)

కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడుగు, బీమా వాళ్లకు రాతపూర్వకంగా చెప్పు. వాళ్లు కాదంటే అక్కడితో ఆపెయ్యి.

ఇక అసలు మాట. మీ నాన్న కుడి చెయ్యి పూర్తిగా చాపలేడని నీకు తెలుసు. శ్రీశైలం ఘాట్‌లో కోతి అడ్డం వచ్చిందని, దాన్ని తప్పించబోయి బండిని గట్టుకు కొట్టాడని చిన్నప్పటి నుంచి విన్నావు. పెళ్లిళ్లలో ఆ కథ చెప్పి అందరినీ నవ్విస్తాడు కూడా. కోతి అడ్డం రాలేదు.

1994లో, శివరాత్రి ముందు. కత్తెర కాపు బత్తాయి వేసుకుని జాతరకు వెళ్లాలని బావ తన డీసీఎంను నా షెడ్డులో పెట్టాడు. లైనింగులు మార్చాను. రాత్రి కరెంటు పోయింది. కందిలి వెలుతురులో మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే చక్రాలకు ఆయిల్ నెట్టేది) డబ్బాలో ఆయిల్ తక్కువగా కనిపించింది. అరుగు మీద బ్రేక్ ఆయిల్ టిన్ను ఉంది, తీసి పోశాను. అందులో ఉన్నది ఇంజన్ ఆయిల్. ఖాళీ టిన్ను కదా అని వారం ముందు మిగిలిన నూనెను అందులో పోసి పెట్టింది కూడా నేనే.

రెండు రోజులు ఏమీ కాలేదు. మూడో రోజు బావ వచ్చి, "బండి పట్టేసినట్టు ఉంది, కాలు తీసినా చక్రాలు స్వేచ్ఛగా తిరగడం లేదు" అన్నాడు. నేను చేస్తున్న పని మీంచి తల కూడా ఎత్తకుండా, "కొత్త లైనింగులు బావా, అరిగితే సరిపోతుంది" అన్నాను. నూనె తప్పు పోయడం చీకటి చేసిన తప్పు అనుకుందాం. ఈ మాట పట్టపగలు అన్నాను.

మన్ననూరు దాటాడు, అడవి దాటాడు. దోమలపెంట దాటి ఆనకట్ట వైపు దిగుతుంటే బ్రేకు డ్రమ్ములు కాలిన వాసన వచ్చింది. రెండో మలుపులో పెడల్ నేలకు తగిలింది. గేరు తగ్గించాడు, హ్యాండ్ బ్రేకు లాగాడు, చివరికి లోయ వైపు కాకుండా కొండ వైపు గట్టుకు రాసుకుంటూ ఆపాడు. చెయ్యి తలుపుకూ గట్టుకూ మధ్య నలిగింది. నేను చేరేసరికి రోడ్డంతా బత్తాయిలు, వాటి మీద కోతులు. కథలోకి కోతి అలా వచ్చింది. తర్వాత మాస్టర్ సిలిండర్ విప్పితే లోపలి రబ్బరు వాషర్లు నానబెట్టిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. ఆసుపత్రి మంచం మీద బావకు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "అక్కకు చెప్పకు, నీ షెడ్డుకు ఎవరూ రారు" అన్నాడు.

నువ్వు పెట్టబోయే దానిలో బ్రేక్ ఆయిల్ డబ్బా, స్టీరింగ్ ఆయిల్ డబ్బా జానెడు దూరంలో ఉంటాయి. మాస్టర్ సిలిండర్‌లో బ్రేక్ ఆయిలే, దాని వెనకున్న బూస్టర్‌లో స్టీరింగ్ ఆయిల్. ఒకటి ఇంకొకదానిలో పడితే రబ్బర్లు పాడవుతాయి. మూతలకు వేర్వేరు రంగు వెయ్యి. గరాటు వేరు, గుడ్డ వేరు. అనుమానం వస్తే పారబొయ్యి, పొదుపు చెయ్యకు.

మిగిలినవి త్వరగా చెబుతాను. తుక్కు దుకాణం బూస్టర్ వద్దు. ఒత్తిడి ఉండే పైపులకు ఫ్యాక్టరీలో నొక్కిన కొనలే కావాలి, క్లిప్పులు పనికిరావు. బూస్టర్ నుంచి తిరిగొచ్చే పైపు నేరుగా ఆయిల్ డబ్బాకే వెళ్లాలి. ఏ పైపు విప్పినా ముందు ఇంజన్ ఆపి పెడల్‌ను పదిసార్లకు పైగా తొక్కి, బూస్టర్ లోపల దాచుకున్న ఒత్తిడిని ఖాళీ చెయ్యి. గాలి తీసేటప్పుడు స్టీరింగును ఆ చివరి నుంచి ఈ చివరికి నిదానంగా తిప్పు. నురగ వస్తే ఆపి, అది తగ్గేదాకా ఆగు.

ఒక్క భయం మాత్రం నాకు పోవడం లేదు. ఇప్పుడు స్టీరింగ్ పంపు బెల్టు తెగితే స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకుకు సాయం వెంటనే పోదు. రేపు రెండూ ఒకే పంపు మీద వేలాడతాయి. ఆ దాచుకున్న ఒత్తిడి రెండు మూడు సార్లు తొక్కేదాకే వస్తుంది, తర్వాత నీ కాలి బలమే. కొత్త బెల్టు వెయ్యి, ఇంకొకటి సీటు కింద ఉంచు. దిగుడులో ఇంజన్ ఆపి దొర్లించే అలవాటు ఉంటే ఈ పని తలపెట్టకు.

బిగించేది గురువారం అయితే బుధవారమే కబురు చెయ్యి, వచ్చి పక్కన కూర్చుంటాను. చెయ్యి పెట్టను. ఖాళీ బండితో, చదునైన రోడ్డు మీద ముందు నేను తొక్కి చూస్తాను, ఆ తర్వాతే నువ్వు.

ఈ ఉత్తరం మీ నాన్నకు చూపిస్తావో లేదో నీ ఇష్టం. చూపించినా ఆయన కోతి అనే అంటాడు.

మీ మామయ్య