పాత గేమ్ కన్సోల్ విప్పే అబ్బాయికి ఏ బ్రాంచి?

ప్రశ్న: మాది నెల్లూరు, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. మా అబ్బాయి సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడు) అయ్యింది. పాత సూపర్ నింటెండో జూనియర్ కొని, ఆర్‌జీబీ మాడ్ (టీవీకి మూడు రంగులూ వేర్వేరుగా వెళ్లి బొమ్మ స్పష్టంగా వచ్చేలా మార్చడం) అంటూ పగలూ రాత్రీ సోల్డరింగే. బొమ్మ వచ్చింది గానీ కళ్లు జిగేల్మనేంత తెల్లగా ఉంది. సీఎస్ఈ ఏఐ-ఎంఎల్ సీటు వచ్చేలా ఉంది. వాడేమో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) అంటున్నాడు. రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, మీరు అడిగింది బ్రాంచి గురించే అయినా, అసలు బెంగ వాడు ఆటల్లో పడి చెడిపోతాడేమోనని. ముందు ఆ సంగతి చూద్దాం.

1997లో వచ్చిన ఆ చిన్న మోడల్‌లో నింటెండో ఆర్‌జీబీ, ఎస్-వీడియో తీసేసి రంగులన్నీ ఒకే తీగలో కలిపి పంపే కాంపోజిట్ ఒక్కటే ఉంచింది. లోపలి చిప్‌లో ఆర్‌జీబీ సిగ్నల్ ఇంకా ఉంది, కాకపోతే బలహీనంగా. దాన్ని టీహెచ్ఎస్7314 లాంటి యాంప్లిఫయర్‌తో రెట్టింపు చేసి, ఒక్కో రంగుకీ ఒక 75 ఓమ్‌ల రెసిస్టర్ వేసి, వెనక టీవీ కేబుల్ పెట్టే మల్టీ-అవుట్ సాకెట్‌లో ఎరుపు 1వ పిన్నుకి, ఆకుపచ్చ 2కి, నీలం 4కి, బొమ్మను నిలకడగా ఉంచే సింక్ సిగ్నల్ 3కి కలపాలి. టీవీలోనూ 75 ఓమ్‌లే ఉంటాయి కాబట్టి రెండూ కలిసి వోల్టేజీని సగానికి దించుతాయి. మీవాడి బొమ్మ తెల్లబడిందంటే ముందు ఆ రెసిస్టర్లు మర్చిపోయాడేమో చూడమనండి. అడ్డగీతలు కూడా ఉంటే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ యాంప్లిఫయర్ చిప్ కాళ్లకు దూరంగా పడిందేమో, వైర్లు మరీ పొడుగయ్యాయేమో చూడాలి. స్విచ్ వేసేముందు 5 వోల్టులకీ గ్రౌండుకీ మధ్య షార్ట్ ఉందేమో మల్టీమీటర్ పెట్టి చూడటం తప్పనిసరి. అన్నట్టు, అమెరికా అడాప్టర్ 120 వోల్టులది. మన 230 ప్లగ్గులో నేరుగా పెడితే అక్కడికక్కడే కాలిపోతుంది.

లక్షణాన్ని బట్టి కారణం పట్టుకునే ఈ పనికే హార్డ్‌వేర్ కంపెనీలు వాలిడేషన్, డీబగ్ అని పేరుపెట్టి జీతాలిస్తాయి. ఆ యాంప్లిఫయర్ తయారుచేసే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లోనే మీ ఊళ్లో సెంటర్ పెట్టింది.

ఇక ఏఐ-ఎంఎల్. నాకు అనుమానాలున్నాయి. చాలా కాలేజీల్లో పాత సీఎస్ఈ సిలబస్‌కే నాలుగు పేపర్లు తగిలించి బోర్డు మార్చారు. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ అంటే మీవాడికి ఇష్టమేనా? ఆ మాట అడక్కుండా సీటు ఖాయం చేసేయడం ఏమిటమ్మా? పెళ్లిళ్లలో చెప్పుకోవడానికి బాగుంటుందనే కదా! చదవాల్సింది వాడు, నాలుగేళ్లు. మీ చుట్టాలెవరూ వచ్చి వాడి పరీక్షలు రాయరు.

పోలిక అంటారా, క్యాంపస్‌కి వచ్చే కంపెనీల సంఖ్యలో సీఎస్ఈదే పైచేయి. ఈసీఈలో చిప్ డిజైన్ ఉద్యోగాలకు ఎంటెక్ వాళ్లు పోటీకొస్తారు, అది దాచను. కానీ ఈసీఈ చదివినవాడు కోడింగ్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లడం రోజూ జరిగేదే. సీఎస్ఈ నుంచి సర్క్యూట్ల వైపు రావడం అరుదు. కంగారు పడకండి, వాడు దారి తప్పలేదు. కౌన్సెలింగ్‌కి ముందు రెండు మూడు కాలేజీల ఈసీఈ ల్యాబులు చూపించి, సిగ్నల్‌ని తెరమీద గీసి చూపించే ఆసిలోస్కోపులు పిల్లల చేతికిస్తారా, బీరువాలో పెట్టి తాళం వేస్తారా అని సీనియర్లనే అడగమనండి.